సీసా వెనక వేలు

కొందరికి పొద్దున్నే పేపరు చూడకపోతే తోచదు. మా బాబాయికి వీధి కాలువలో నీళ్ళు చూడకపోతే తోచదు. చూడటమంటే వంగి తొంగిచూడటం కాదు. ఆయన చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న జామ్ సీసా ఉంటుంది. దాని మెడకి తాడు కట్టి, రోడ్డు పక్క ఇనుప జాలీ సందులోంచి కాలువలోకి వదిలి, నీళ్ళు తోడి, సీసాని ఎండకెత్తి, దాని వెనక చూపుడువేలు పెడతారు. నీళ్ళలోంచి వేలు కనిపిస్తే ఆ వీధి పాసు. కనిపించకపోతే ఫెయిలు. ఫెయిలైందంటే ఇక ఆ కాలువ వెంబడే ఎగువకి నడుచుకుంటూ పోయి, ఎవరి పునాది మట్టి అందులోకి కొట్టుకొస్తోందో కనిపెట్టి, వాళ్ళ తలుపు తడతారు.

“మిమ్మల్ని ఇల్లు కట్టుకోమన్నారా, కాలువ పూడ్చమన్నారా?” అన్నది ఆయన పలకరింపు. నమస్కారం ఆ తర్వాత.

బాబాయి మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నారు. తవ్విన మట్టిగానీ, ఇసుకగానీ, సిమెంటు కడిగిన నీళ్ళుగానీ స్థలం హద్దు దాటి వాననీళ్ళ కాలువలో పడకూడదని ఆయన పట్టు. ఒకాయన, పాపం తెలియక, “గుప్పెడు మట్టికి ఇంత రాద్ధాంతమా మేస్త్రీ?” అన్నాడు. బాబాయి ఆ గుప్పెడు మట్టీ ఎత్తి ఆయన చేతిలోనే పోసి, “మరి గుప్పెడే కదా, జేబులో వేసుకోండి” అన్నారు.

ఆ వేలు పరీక్ష కాలువలతో ఆగితే బాగుండేది. టీ కొట్టులో గ్లాసు అందుకోగానే దాన్నీ ఎండకెత్తి వెనక వేలు పెట్టేవారు.

“వేలు కనిపిస్తోందయ్యా.”

“అయితే పాసే కదా మేస్త్రీగారూ?”

“కాలువైతే పాసు. టీ అయితే ఫెయిలు. ఇంకాస్త పాలు పొయ్యి.”

మా పిన్ని వంటింట్లోంచి విని విని విసిగిపోయింది. “ముప్పై ఏళ్ళ కాపురంలో నా మొహాన్ని ఒక్కనాడైనా వెలుగులో పెట్టి చూశారా ఈయన? ఆ మాయదారి సీసాని మాత్రం రోజుకి నాలుగుసార్లు చూస్తారు” అనేది. బాబాయి దానికీ జవాబు సిద్ధంగా ఉంచుకున్నారు. “నీలో చూడాల్సిన మురికేముందే?” అన్నారు. పిన్ని ఆ పూట కూరలో ఉప్పు సరిగ్గా వేసింది.

దగ్గరివాళ్ళ పెళ్ళిలో విస్తరి ముందు కూర్చోబోతూ ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఎదురుగా ఎవరో కట్టుకుంటున్న ఇంటి ఇసుక కుప్ప, దాని పక్కనే కాలువ జాలీ, పైన మబ్బు. అంతే, లేచిపోయారు. వడ్డన మూడో వరసకి వచ్చేసరికి మా బాబాయి పట్టుపంచె మోకాళ్ళ పైకి కట్టి, జాలీ చుట్టూ ఇటుకలు పేరుస్తున్నారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. “మీ వాళ్ళు మేస్త్రీని పిలిచారా పెళ్ళికి?” అని అడిగారు. “పిలిచాం, కానీ పనికి కాదు” అని మా నాన్న తలదించుకున్నాడు.

ఇంకో వింత కూడా ఉంది గానీ, ఈ పెద్ద పిచ్చి ముందు అది మా కంటికి ఆనలేదు. ఆయన పాంట్లు. ఒక నెల చీలమండ కనిపించేలా పొట్టిగా ఉండేవి, ఇంకో నెల నేలని ఊడ్చేవి. “మనిషి అంతే ఉన్నాడు, పాంటే పెరుగుతూ తరుగుతూ ఉంది” అని పిన్ని ఆశ్చర్యపోయేది. ఆయన వినిపించుకోనట్టు సీసా తుడుచుకునేవారు.

నేను చదువు ముగించి సైటు ఇంజినీరుగా చేరిన మొదటి చోటే మేస్త్రీ మా బాబాయి. ఇంటి దగ్గర “ఒసేయ్, ఇలా రా” అనే మనిషి సైటు గేటు దాటగానే “ఇంజినీరుగారూ, తమరు బూట్లు కడుక్కుని బయటికి అడుగు పెట్టండి” అనేవారు. గేటు దగ్గర ఒక తొట్టి, ఒక కొబ్బరిపీచు పట్ట పెట్టించారు. బయటికి వెళ్ళే ఎవరైనా సరే బూట్ల మట్టి అక్కడే వదలాలి. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆయన నా వెనకే వచ్చి, రోడ్డు మీద నా అడుగుల గుర్తులు పడ్డాయేమోనని చూసేవారు. పడితే పిలిచి చీపురు ఇచ్చేవారు.

లారీల చక్రాలు కూడా కడిగించాలని ఆయన హుకుం. ఒక డ్రైవరు ఆయనకి భయపడి మహా శ్రద్ధగా, పైపు పెట్టి, చక్రాలన్నీ తళతళలాడేలా కడిగాడు. ఎక్కడ? సరిగ్గా కాలువ జాలీ మీద నిలబెట్టి. చక్రాల మట్టంతా జాలీలోకి! బాబాయి నిప్పులు తొక్కిన కోతిలా గెంతారు.

“అద్దంలా కడిగాను మేస్త్రీ!” అన్నాడు డ్రైవరు, మెచ్చుకోలు కోసం చూస్తూ.

“చక్రం కడిగావు నాయనా, నా పరువు కూడా కడిగేశావు!”

నేనేం తక్కువ తినలేదు. చదువుకున్నదాన్ని కదా, ఒకరోజు ఆయన లేనప్పుడు జాలీ మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, నాలుగు వైపులా రాళ్ళు పెట్టాను. మట్టి చుక్క కూడా లోపలికి పోదు. నిజమే, నీళ్ళూ పోలేదు. ఆ సాయంత్రం చిన్న జల్లుకే మా సైటు ముందు రోడ్డు చెరువైపోయింది. స్కూటర్లవాళ్ళు నన్ను పేరు పెట్టి తిట్టలేదు గానీ, మిగతావన్నీ పెట్టారు.

బాబాయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పట్టా లాగేశారు. “దుమ్ము పడుతోందని నోరు కుట్టేసుకుంటామా ఇంజినీరుగారూ? ఊపిరి ఆడాలి, దుమ్ము ఆగాలి” అని, గోనెసంచుల్లో సన్న కంకర నింపించి జాలీ చుట్టూ గుర్రపులాడంలా పేర్పించారు. నీళ్ళు కంకర సందుల్లోంచి మెల్లగా జారాయి, మట్టి సంచుల బయట ఆగిపోయింది. సీసా ముంచి, వేలు పెట్టి నాకు చూపించారు. గోరు మీద తెల్ల మచ్చ కూడా కనిపించింది.

“ఇంత కష్టం ఎందుకు మేస్త్రీగారూ? అసలీ కాలువ ఎక్కడికి పోతుంది?”

“కిందికి” అన్నారు. సీసా తుడిచి సంచిలో పెట్టుకున్నారు.

అసలు గొడవ శ్లాబు దగ్గర వచ్చింది. యజమాని ముహూర్తంలా ఒక తేదీ పెట్టుకున్నాడు. బుధవారం మొదటి అంతస్తు శ్లాబు పడాలి. మట్టి గురించి బాబాయి పనులు ఆపించడం ఆయన అప్పటికే రెండుసార్లు చూశాడు. మంగళవారం నాకు ఫోన్ చేసి, “చూడమ్మా, ఆ మేస్త్రీ రేపు కూడా మట్టీ గిట్టీ అంటూ శ్లాబు ఆపాడంటే, ఎల్లుండి నుంచి ఆయన రానక్కర్లేదు. నువ్వే చెప్పు” అన్నాడు. సొంత బాబాయికి ఆ మాట ఎలా చెప్పను?

బుధవారం పొద్దున సైటుకి వెళ్ళేసరికి ముందురోజు నీళ్ళ తొట్టి కోసం తవ్విన మట్టంతా రోడ్డు పక్కనే కొండలా పడుంది. ఎత్తుకెళ్ళాల్సిన లారీ చెడిపోయిందట. ఆకాశం నల్లగా దిగి ఉంది. శ్లాబు కూలీలు ఇరవై మంది తలగుడ్డలు చుట్టుకుని సిద్ధం. మిక్సరు తిరగబోతోంది. దాని ముందు మా బాబాయి పార పట్టుకుని నిలబడ్డారు.

“ముందు ఈ కుప్ప లోపలికి పోవాలి. టార్పాలిన్ కప్పాలి. తర్వాతే కంకరలో నీళ్ళు పొయ్యాలి.”

“బాబాయ్, ఈ రోజు వద్దు!” సైటులో మొదటిసారి ఆయన్ని బాబాయ్ అన్నాను. “శ్లాబు పడకపోతే నిన్ను తీసేస్తానన్నాడు.”

ఆయన నా మొహం చూశారు. “తీసెయ్యనీ. ఇంటికెళ్ళి మీ పిన్ని మొహం వెలుగులో చూసుకుంటా” అని కుప్పలోకి పార దింపారు.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాకు ఒళ్ళు మండింది. వయసులో పెద్దాయన, ఇంత కొండని ఒక్కడే ఎంతసేపు ఎత్తుతాడు? పది తట్టలు ఎత్తారు. పదిహేను. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, మబ్బుని చూసి, మళ్ళీ వంగారు. కూలీల్లో ఒక పెద్దావిడ “ఏం చూస్తున్నార్రా, సినిమానా?” అని తట్ట ఎత్తింది. ఆవిడ వెనక ఇద్దరు, వాళ్ళ వెనక నలుగురు. నేను ఇంకా ఫోను చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నాను. అప్పుడే అది మోగింది.

“మొదలైందా?” అన్నాడు యజమాని.

“లేదండీ. ఆపాం.”

“మళ్ళీ ఆ మేస్త్రీయేనా?”

“కాదండీ. నేనే ఆపాను” అన్నాను. నోట్లోంచి వచ్చాకే నాకూ తెలిసింది. “మట్టి కాలువలో పడితే వీధంతా మునుగుతుంది. శ్లాబు రేపు వేస్తాం. తీసేస్తే ఇద్దర్నీ తీసెయ్యండి.”

ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కాసేపు అరిచాడు. చివరికి “ఇద్దరూ పోతే రేపు శ్లాబు ఎవరు వేస్తారు, నేనా?” అని ఫోన్ పెట్టేశాడు.

నేనూ తట్ట పట్టాను. కుప్ప చివరి తట్ట లోపలికి పోయి, టార్పాలిన్ అంచుల మీద ఇటుకలు పెట్టేసరికి వాన దబదబా దిగింది. రోడ్డు మీద నీళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి కంకర సంచుల దగ్గర తడబడి, మెల్లగా లోపలికి జారాయి. బాబాయి సీసా ముంచారు, వేలు పెట్టారు, తృప్తిగా తలూపారు. ఇక గొడుగు వేసుకుని, సంచిలో ఏదో మడత కుక్కుకుని, కిందివీధి వైపు చరచరా నడిచారు. ఆ మడత ఒక పాంటు! ఇంత వానలో, ఇంత గొడవయ్యాక, పాంటెక్కడికి? నేను వెనకాలే వెళ్ళాను.

కాలువ ఎటు పోతే ఆయన అటే పోయారు. వీధి పల్లానికి దిగి దిగి, అన్నిటికంటే కింద, రోడ్డుకన్నా నాలుగు మెట్లు దిగువన ఉన్న ఒక కుట్టుకొట్టులోకి వెళ్ళారు. కుట్టుమిషను, బల్ల, నేలమీద కత్తిరించి పెట్టిన బడిపిల్లల యూనిఫాం గుడ్డల దొంతరలు. నేను మెట్ల మీద ఆగిపోయాను. లోపల నేల పొడిగా ఉంది. బాబాయి స్టూలు మీద కూర్చుని మాట్లాడుతున్నారు గానీ, కళ్ళు నేలనే వెతుకుతున్నాయి.

“ఈసారి ఏం చెయ్యాలి అన్నయ్యగారూ?” అంది కుట్టే ఆవిడ.

“ఒక అంగుళం పొడుగు పెంచమ్మా.”

“పోయిన వానకి అంగుళం తగ్గించానుగా?”

“తగ్గించావా? అయితే మళ్ళీ పెంచు.”

నన్ను చూసి బాబాయి తెల్లబోయారు. “మా అన్నయ్య కూతురమ్మా. నేను జాలీ చూసొస్తా” అని లేచి బయటికి పోయారు. ఆవిడ నవ్వుతూ పాంటు అంచు విప్పడం మొదలుపెట్టింది.

“ఏడేళ్ళ కిందట, పైవీధిలో ఇల్లు కడుతుంటే మట్టి దిగి కాలువ పూడిపోయిందమ్మా. వానొచ్చి ఈ నాలుగు మెట్లూ దిగి లోపల మోకాలి లోతు. మూడొందల యూనిఫాం గుడ్డలు, మిషను, అన్నీ బురద. ఏడవడానికి కూడా పొడిచోటు లేదు. పొద్దున్నే ఎవరో ఒకాయన చీపురు పట్టుకొచ్చి రెండు రోజులు బురద ఎత్తారు. మిషను భుజాన పెట్టుకెళ్ళి బాగుచేయించి తెచ్చారు. ఎవరు బాబూ మీరంటే, ‘పాంటు సరిచేయించుకుందామని వచ్చాను’ అన్నారు. అప్పట్నుంచీ వానొస్తే పాంటు వస్తుంది.”

“ఆ ఇల్లు కట్టింది ఎవరో మీకు తెలుసా?” అన్నాను.

“ఆ మొదటి పాంటు అంచు విప్పినప్పుడే తెలిసిందమ్మా. మడతలో మట్టి ఉంది. నా కొట్లో పేరుకున్నదీ అదే ఎర్రమట్టి” అంది. “చెప్తే సిగ్గుపడి రావడం మానేస్తారని చెప్పలేదు. ఒక్కటే ఇబ్బంది. విప్పి కుట్టి, విప్పి కుట్టి, అంచులో ఇక గుడ్డ మిగల్లేదు. మీ పిన్నిగారితో చెప్పి కొత్త పాంటు కొనిపించండి.”

నాకు నవ్వూ వచ్చింది, ఆయన మీద పట్టలేనంత ప్రేమా వచ్చింది. పొద్దున ఆయన మీద మండిపడినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. శ్లాబు గురువారం వేశాం. యజమాని వచ్చాడు, తిట్టడానికి నోరు తెరిచాడు. ఈలోగా బాబాయి ఆయన బూట్లు చూసి తొట్టి వైపు చెయ్యి చూపించారు. కడుక్కున్నాడు.

తర్వాతి వానకి నేను కుట్టుకొట్టుకి వెళ్ళేసరికి బాబాయి అప్పటికే స్టూలు మీద ఉన్నారు, కొత్త పాంటు ఒళ్ళో పెట్టుకుని.

“నువ్వేంటే ఇక్కడ?”

“చొక్కా వదులైంది బాబాయ్. కొంచెం బిగుతు చేయిద్దామని.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఆ చొక్కా నాకు సరిగ్గా సరిపోయిందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, కత్తెర పట్టుకున్న ఆవిడకీ తెలుసు.

“సీసా తెచ్చావా?” అన్నారు.

నా సంచిలోంచి జామ్ సీసా తీశాను.