ఎండ పడే చోటు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఒక చలికాలం పొద్దున అమీర్‌పేటలో బస్సెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆడవాళ్ళ పరదా వెనక ఎండ పడే చోటు అదొక్కటే. నా వెనకే గొంగడి కప్పుకున్న ఒక పెద్దావిడ ఎక్కి, నా పెట్టె మీద మడిచి పెట్టిన ఉన్ని శాలువల్ని పరీక్షగా చూసింది.

"ఏడికి బిడ్డా, గిన్ని శాలువలు?"

"అనంతగిరికి. స్నేహితురాళ్ళతో గుట్టలెక్కి, సాయంత్రం చలిమంట ముందు కూర్చుందామని."

"అంటే పైసలు పెట్టి చలి కొననీకి పోతున్నవ్. మరి గీ ఎండ నాకియ్యరాదు?"

నేను బి.ఏ.లో తర్కం చదివినదాన్ని. ఊళ్ళో చలి వేరు, విహారంలో చలి వేరు అని అక్కడికక్కడే నిరూపించాను.

"చలికి సుత చదువొచ్చిందా?" అని గొణిగి, ఆవిడ అవతలి కిటికీ దగ్గర నీడలో ముడుచుకు కూర్చుంది.

పంజాగుట్టలో బస్సు మలుపు తిరిగింది. ఎండ నన్ను వదిలేసి, తిన్నగా పోయి ఆవిడ ఒళ్ళో కూర్చుంది. ఊళ్ళోనే శాలువ తీసి కప్పుకుంటే నా తర్కం ఓడిపోతుందని, నేను బయటి బండరాళ్ళను శ్రద్ధగా చూడసాగాను. పళ్ళు మాత్రం టకటకమంటున్నాయి.

"జర ఇటు రా బిడ్డా," అని ఆవిడ గొంగడి అంచు ఎత్తి పట్టుకుంది. "చలి అనంతగిరిల కొనుక్కుందువు గని."

లేచి వెళ్ళి అందులో దూరాను.

అనంతగిరిలో ఏం చూశానో ఇప్పుడు సరిగా గుర్తులేదు. రైలు కోసం ఖైరతాబాద్‌లో దిగేదాకా ఆ గొంగడి గుచ్చుకోవడం, దాని వెచ్చదనం గుర్తున్నాయి. వాదనలో మాత్రం గెలిచింది నేనే.