ఆ వంపులు కత్తివి కావు

నిన్న ఉదయం డిబేట్ టీమ్ సెలెక్షన్స్‌లో ఒక జూనియర్ వాదనను ముక్కలు చేస్తూ నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. కట్ చేశాను. మళ్లీ మోగింది.

అవతల నా రూమ్‌మేట్. "నర్సయ్య కాక పోయిండే. గుండెపోటు. ఉన్ బస్తీల, వాళ్లింట్లనే."

సగంలో ఉన్న నా వాదనను పూర్తి చేయలేదు. వేదిక దిగి వచ్చేశాను.

మా మెడికల్ కాలేజీ బయట ఉన్నవారి కోసం: నర్సయ్య కాక మా హిస్టాలజీ ల్యాబ్ టెక్నీషియన్. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, పదేళ్లు పవర్‌లూమ్‌ల మీద పనిచేసి, ఆ తర్వాత ల్యాబ్‌లో అటెండర్‌గా చేరి, మైనంలో బిగించిన కణజాలాన్ని ఉల్లిపొర కంటే పలుచగా కోయడం నేర్చుకున్న మనిషి. మేం మైక్రోస్కోప్ కింద చూసే స్లైడ్లు ఆయన చేతివి.

నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. "వకీలమ్మా" అనేవాడు.

మొదటి సంవత్సరంలో మోకాలి లిగమెంట్ స్లైడ్ చూపించారు. గులాబీ రంగు నారలు. వాటి మధ్య జీలకర్ర గింజల్లా కణకేంద్రకాల వరుసలు. నారలు తిన్నగా లేవు, అలలు అలలుగా ఉన్నాయి.

నేను లేచి, క్లాసంతా వినేలా, అవి మొద్దు కత్తి అదిరితే పడిన ముడతలని వాదించాను. ఎంత ధీమాగా వాదించానంటే డెమాన్‌స్ట్రేటర్ గారు కూడా తలూపారు. మరుసటి వారానికి కాక స్లైడ్లు బీరువాలోకి వెళ్లాయి. బయట కొనితెచ్చిన స్లైడ్ల పెట్టె టేబుల్ మీదికి వచ్చింది.

నేను మాట్లాడుతున్నప్పుడు ఆయన తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూశాను. అయినా ఆగలేదు.

కొన్నాళ్లకు ల్యాబ్‌కు పిలిచాడు.

"కొత్త బ్లేడు పెట్టి కోసిన. జర చూడు."

అవే అలలు.

"కత్తి తప్పైతే గీత అన్నిటి మీదికెల్లి పోవాలె గద? పక్కన పొర ఉన్నది, కొవ్వు ఉన్నది. వాటి మీద ఏమన్న ఉన్నదా?"

లేదు. కీలు లోపలి పొర, దాని కింది కొవ్వు శుభ్రంగా ఉన్నాయి. లిగమెంట్ నారలు మాత్రమే వంగాయి, వాటితోపాటు కేంద్రకాలూ వంగాయి. ఆ వంపు పుట్టుకతో వచ్చింది. మోకాలి మీద బరువు పడినప్పుడు ముందు ఆ వంపు సాగుతుంది, ఆ తర్వాతే నార మీద అసలు లాగుడు పడుతుంది. ఇదంతా పుస్తకంలో ఉంది. నేను ఆ పేజీ చదవకుండానే వాదించాను.

ఓడిపోతున్నప్పుడు ఉపమానం వెతుక్కోవడం నా అలవాటు. "మగ్గం మీద పడుగు పోగుల లెక్కనే ఉన్నది గద కాకా" అన్నాను.

పకపకా నవ్వాడు. "నీకు మగ్గం గూడ తెల్వదు! పడుగు గిట్ల వదులుంటె సేటు నన్ను గేటు బయట నిలవెడుతుండె. గిదేమో వదులుంటెనే బతుకుతది."

"సరే, నువ్వే కరెక్ట్."

"గది నాకెందుకు చెప్తున్నవ్? నాకు ఎర్కనే. ఆ రోజు విన్నోళ్లకు చెప్పు."

"చెప్త కాకా. ఇంటర్నల్స్ అయిపోనీ."

ఇంటర్నల్స్ అయిపోయాయి. ఫెస్ట్ వచ్చింది, ఆ తర్వాత వేరే ఊళ్లలో పోటీలు. ఆయన మళ్లీ అడగలేదు. నేను మాత్రం మధ్యాహ్నాలు ఆ ల్యాబ్‌లోనే గడిపాను. ఆయన డబ్బాలోని జొన్నరొట్టె తిన్నాను, ఆయన పక్కన కూర్చుని కోయడం నేర్చుకున్నాను. బీరువా ప్రస్తావన మాత్రం ఇద్దరం తేలేదు.

ఈ రోజు ల్యాబ్‌కు వెళ్లాను. కరిగిన మైనం వాసన అలాగే ఉంది. కోత యంత్రం మీద గుడ్డ కప్పి ఉంది.

"ఏం వకీలమ్మా, ఇయ్యాల ఎవల్ని ఓడగొట్టినవ్?" నేను తలుపు దాటగానే కాక ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది.

పోటీ ముగిసిన ప్రతిసారీ నేను హాస్టల్‌కు కాకుండా నేరుగా అక్కడికే ఎందుకు వెళ్లేదాన్నో ఇప్పుడు తెలుస్తోంది. ఆ ప్రశ్న వినడానికి. ఈ రోజు చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ రోజు క్లాసులో ఉన్న బ్యాచ్‌మేట్స్‌ను, డెమాన్‌స్ట్రేటర్ గారిని ఇక్కడ ట్యాగ్ చేశాను. అందరి ముందూ ఒప్పుకుంటున్నాను: నేను చెప్పింది తప్పు. ఆ స్లైడ్‌లో ఏ లోపమూ లేదు. దయచేసి బీరువా తెరవండి. కొత్త బ్యాచ్‌కు మోకాలి లిగమెంట్‌ను నర్సయ్య కాక చేతి పనిలోనే చూపించండి.

నువ్వు తలుపు దగ్గర నిలబడి వింటుండగా చెప్పాల్సిన మాట ఇది, కాకా. ఆలస్యం చేశాను.

పోయి రా. నీ మనసు నిమ్మళంగా ఉండాలి.