కూర్చునే ముందు తలలు లెక్కపెట్టే మేడమ్

బి.ఎడ్.లో మాకు పాఠం చెప్పడం నేర్పిన మేడమ్ గత సోమవారం ఢిల్లీ ద్వారకలోని తన ఫ్లాట్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. ఆ కబురు ఫోన్‌కి వచ్చేసరికి నేను నోయిడాలో, మా స్కూల్ స్టాఫ్ మీటింగ్‌లో ఉన్నాను. గురువారం తనిఖీకి అధికారి వస్తున్నారట. నా క్లాసులో చదవడం రాని ముగ్గురినీ, సరిగా వినబడని అమ్మాయినీ, బీహార్ నుంచి కొత్తగా వచ్చి ఇంకా నోరు విప్పని పిల్లనీ ఆ రోజు బడికి పంపొద్దని ఇళ్లకు ఫోన్ చెయ్యాలట. ప్రిన్సిపాల్ నవ్వుతూనే చెప్పారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అందులో సగం మంట నా మీదే.

ఒకప్పుడు నేనూ అదే పని చేశాను. అది బి.ఎడ్.లో, మేడమ్ వచ్చి చూసి మార్కులు వేసే నా పరీక్ష పాఠం. క్లాసులో ఒక అమ్మాయికి వినికిడి తక్కువ. ప్రశ్న అడిగితే బిక్కమొహం వేస్తుంది, నా మార్కులు పోతాయి. ఆమెను సుద్దముక్కలు తెమ్మని ఆఫీసు గదికి పంపి, బెల్ కొట్టేదాకా అక్కడే కూర్చోబెట్టమని ఆయాకు చెప్పాను.

మేడమ్‌కి కూర్చునే ముందు హాజరుపట్టీ తీసి తలలు లెక్కపెట్టే అలవాటుంది. ఆ రోజు ఒకటి తగ్గింది. బయటికి వెళ్లి, ఆ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చివరి బెంచీలో ఆమె పక్కనే కూర్చున్నారు. సంచిలోంచి దూది తీసి తన చెవుల్లో పెట్టుకున్నారు. నేను పాఠం మొదలుపెట్టాను.

క్లాసులో ఆవిడది హిందీ. కోపం వస్తే మాత్రం వరంగల్ తెలుగు.

"ఎందుకు దాచినవ్ ఆ పిల్లను?"

"పాఠం పాడవుతుందని భయమేసిందండి."

"ఖరాబైతే కానియ్యి! ఖరాబైన పాఠం జూస్తేనే గదా నీకేం నేర్పాల్నో నాకు ఎర్కయ్యేది. అన్నీ వచ్చిన పిల్లలకు చెప్పనీకి నువ్వెందుకు, నిన్ను తయారుజెయ్యనీకి నేనెందుకు?"

ఫెయిల్ చేశారు. నెల రోజులు చెవుల్లో దూది పెట్టుకుని ఆ పిల్ల పక్కన కూర్చోమన్నారు. తిట్టుకుంటూనే కూర్చున్నాను. టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడల్లా మా ఇద్దరికీ పాఠం ఆగిపోయేది. మూడో వారంలో, చూసి రాసుకోమని ఆ పిల్లే తన నోట్‌బుక్ నా వైపు జరిపింది. ఆ సంగతి చెబితే "మంచి టీచర్ దొరికింది నీకు" అన్నారు మేడమ్.

ఇప్పుడు టీచర్లకు ట్రైనింగ్ అంటే ఏసీ హాల్లో రెండు రోజులు స్లైడ్లు, సమోసాలు, సర్టిఫికెట్. ఆ హాళ్లకు మేడమ్‌ని ఒక్కసారీ పిలవలేదు. ఆవిడ మాట కటువట. 'అందరికీ చదువు' అని బ్యానర్ కట్టిన గదిలోనే కూర్చుని, రాకూడని అయిదుగురి పేర్లు నా చేతిలో పెట్టిన వాళ్ల మాట మాత్రం తీపి.

నేను ఎవరింటికీ ఫోన్ చెయ్యలేదు. గురువారం పొద్దున తలలు లెక్కపెట్టాను, ఒక్కటీ తగ్గలేదు. అధికారి కోసం బోర్డు పక్కన వేసిన కుర్చీని నేనే తీసి వరండాలో పెట్టాను. ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డలా అయింది. అధికారి ఎక్కడ కూర్చోవాలా అని చుట్టూ చూశారు.

"సర్, చివరి బెంచీలో చోటుంది," అన్నాను.

సరిగా వినబడని ఆ అమ్మాయి నా పెదాలు చూసి, బ్యాగు ఒళ్లోకి తీసుకుని, ఆయన కోసం గోడ వైపు జరిగింది.