రొయ్యల షెడ్డు వెనక తలుపు

తాయారు కోడలుగా అడుగుపెట్టిన నాటికి భావనపాడు దగ్గరి ఆ బెస్తపల్లెలో ఆడవాళ్లకు తెలిసిన పని ఒక్కటే, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరగడం. తర్వాత రొయ్యల కంపెనీ వచ్చింది. తాయారు అందులో రొయ్యలు ఒలిచే పనికి చేరింది. ఆమెకి నెల జీతం రావడం మొదలయ్యాక మొగుడు ఎల్లాజీ గుజరాత్ బోట్ల మీద కూలి వేటకి వెళ్లడం మానేశాడు. ఇంటి ముందు సముద్రంలోనే వేట చేసుకుంటున్నాడు. అందుకే ఆ కంపెనీని ఎవరు తిట్టినా తాయారుకు గిట్టేది కాదు.

షెడ్డుకు రెండు తలుపులు. ఆడవాళ్లు రొయ్యలు బయటికి దాటిస్తారన్న అనుమానంతో వెనక తలుపుకు ఎప్పుడూ తాళం వేసి ఉంచేవారు.

ఒక ఉదయం రొయ్యలు ఒలుస్తుండగా ముక్కు కోసేసినట్టు ఘాటు తగిలింది. ముందు తలుపు పక్కనున్న, రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రం తాలూకు అమ్మోనియా గ్యాసు గొట్టం చిట్లింది. అటు పోలేక ఆడవాళ్లంతా వెనక్కి పరిగెత్తారు.

"తాళం! తాళం ఎవలి కాడుందే?"

ఎవరి దగ్గరా లేదు. తలుపుకు ఆనుకుని ఒకరి మీద ఒకరు పడ్డారు. తాయారు కాళ్ల కింద ఎవరిదో చెయ్యి నలిగింది. కళ్లు మండిపోయి అది ఎవరిదో కూడా కనబడలేదు. బయట ఐసు దించుతున్న లారీ డ్రైవరు కేకలు విని జాకీ రాడ్డుతో తాళం పగలగొట్టాడు. ఎవరూ చావలేదు. ఆ చెయ్యి పక్కింటి రాణిది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక నాలుగడుగులు గట్టిగా వేస్తే ఆమెకి ఆయాసం.

కంపెనీ గొట్టం మార్పించింది. అందరినీ మళ్లీ పనికి పిలిచింది. లోపలికి వెళ్లిన తాయారు ముందు చూసింది వెనక తలుపునే. దానికి కొత్త తాళం వేలాడుతోంది.

ఆనాటి నుంచి ఆమె వేళ్లు రొయ్యల మీద, చూపు తలుపు మీద. ఎవరైనా బుట్ట జారవిడిచినా తలుపు వైపు రెండడుగులు వేసేది.

ఇంతలో కంపెనీని పెంచడం మీద ప్రజల అభిప్రాయం అడగడానికి అధికారులు వస్తున్నారని దండోరా వేశారు. సభ ముందు రోజు సాయంత్రం సూపర్‌వైజరు ధర్మేంద్ర ఇంటికి వచ్చాడు. ఆ ఊరివాడే, వరసకు మరిది.

"ఒదినా, రేపు మీటింగులో కంపెనీ వొల్ల బాగుపడ్డామని ఒక్క ముక్క సెప్పు, సాలు."

"మరి తాళం మాటో?"

అతని నవ్వు ఆగిపోయింది. "ఆ మాటెత్తితే కంపెనీ ఎల్లిపోతాది. ఊరోళ్లంతా నీ ఇంటి మీదకొస్తారు. నీ మంచికే సెప్తన్నాను."

అతను వెళ్లాక ఎల్లాజీ అన్నాడు, "నువ్వు మాటాడకే. అది మూసేస్తే నాను మళ్లీ గుజరాత్ పోవాల."

"తలుపు కాడ నాను సచ్చిపోతే పోనక్కర్లేదా మావా?" అంది తాయారు.

సభ దగ్గర షామియానా, పోలీసులు. కంపెనీ వదిలే నీళ్లకు పొలాలు పాడవుతున్నాయని పక్క ఊరి రైతులు మూసేయమన్నారు. పల్లె పెద్దలు ఇంకా పెంచమన్నారు. తలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. తాయారు మైకు దగ్గరికి ఎలా నడిచిందో ఆమెకే తెలీదు.

"మీ పేరు చెప్పండమ్మా," అన్నాడు అధికారి.

"తాయారండి. నాను కంపెనీలోనే పన్సేస్తన్నాను. మూసేయమని నాననను, అదుంటేనే మా పొయ్యి ఎలుగుతాది. పెద్దది కట్టుకోండి. గాని మమ్మల్ని లోపలెట్టి తాళం ఎయ్యకండి. మేం దొంగలం కాదు. అంత అనుమానమైతే గేటు కాడ ఆడమనిసిని పెట్టి సోదా సేసుకోండి. తలుపు మాత్రం తీసుంచండి... రాసుకుంతన్నారా బాబూ?"

"కంపెనీకి అమ్ముడుపోయింది!" అని రైతుల పక్క నుంచి అరిచారు. "మన నోటికాడ కూడు తీసేస్తంది!" అని పల్లెవాళ్ల పక్క నుంచి. తాయారు తల వంచుకుని ఇంటికి పరుగులాంటి నడక నడిచింది. ఆ రాత్రి వీధిలో మోటారుసైకిలు ఆగిన ప్రతిసారీ వంటింట్లోకి పోయి నిలబడింది.

మర్నాడు గేటు దగ్గర కాపలావాడు ఆమెని ఆపేశాడు. తోటివాళ్లు ఆమె వైపు చూడకుండా లోపలికి పోతున్నారు. తాయారు ఎండలోనే నిలబడిపోయింది. ఇంటికి పోయి ఎల్లాజీకి ఏం చెప్పాలి?

అప్పుడు రాణి ఆగింది. ఆయాసపడుతూనే గేటు ముందు చతికిలబడింది.

"తాయారప్ప లేకండా నానూ ఎల్లను."

కొందరు ఆమెని దాటుకుని పోయారు. చాలామంది ఆగారు. లోపలికి వెళ్లినవాళ్లలోనూ కొందరు తిరిగొచ్చారు. గేటు బయట ఆగిపోయిన లారీల్లో ఐసు కరిగి నీళ్లు రోడ్డు మీదకి కారుతున్నాయి. మధ్యాహ్నానికి మేనేజరు స్వయంగా బయటకొచ్చాడు. వెనక తలుపుకు తాళం తీసేసి లోపలివైపు గడియ పెట్టిస్తానన్నాడు. భద్రత విషయాలకు ఆడవాళ్లతో ఒక కమిటీ వేస్తానన్నాడు. తాయారుని లోపలికి రమ్మన్నాడు.

అందరూ గెలిచామన్నారు. ఆమె మాత్రం నెలల తరబడి, ఏదో వంక పెట్టి పంపేస్తారని భయపడుతూనే గడిపింది. ధర్మేంద్ర ఇప్పటికీ ఆమెతో మాట్లాడడు. కంపెనీ పెరిగింది. కొత్త షెడ్డులోకి ఒడిశా నుంచి అమ్మాయిలు వచ్చారు. వాళ్లకు కంపెనీ హాస్టలు గేటు దాటడానికి సెలవురోజున కూడా అనుమతి లేదు.

ఆ కమిటీలో తాయారునీ వేశారు. మొన్నటి సమావేశంలో మేనేజరు ఇంక లేద్దామన్నట్టు కుర్చీ వెనక్కి జరిపాడు. తాయారు లేవలేదు.

"ఒక్క మాట బాబూ. ఆ ఒడిశా పిల్లల్ని ఆదివారం బజారుకైనా ఎందుకు ఎల్లనివ్వరు?"

మేనేజరు ముఖం మాడింది.

"ఆలోచిద్దాం," అన్నాడు.

"ఎప్పుడు బాబూ?" అని అడిగింది తాయారు.