గడి ఆటకు రిలీవర్

ఆ వీడియో గేముల్లో ఏది గొప్పదని ఎవరైనా అడిగితే మొదటిదేనని చెప్తాను, వాదన పెట్టుకోను. ఇప్పుడు ఆ వరసలో వచ్చినవన్నీ ఒక్క డిస్కులో దొరుకుతున్నాయి. పఠాన్‌చెరులో మా వీధి చివర ఉన్న నెట్ సెంటర్లో కూర్చుని ఒక్కొక్కటే ఆడి చూశాను. కథ అన్నింటిలోనూ దాదాపు ఒకటే. కొండ మీద పాడుబడ్డ కోట, చుట్టూ గబ్బిలాలు, లోపల మనుషుల రక్తం తాగే దొర. కొరడా పట్టుకుని ఒక్కడే లోపలికి పోవాలి, అంతస్తులన్నీ ఎక్కి దొరను చంపాలి. ఆటకు ఇంగ్లిషులో ఏదో పేరుంది కానీ మా రూములో ఆ పేరు ఎప్పుడూ పలకలేదు. మా వైపు ఊళ్లలో దొర ఉండే కోటలాంటి ఇంటిని గడి అంటారు కాబట్టి మాకది గడి ఆట. రక్తం తాగే దొర అంటే మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండోదానిలో పగలూ రాత్రీ మారుతుంటాయి. ఊళ్లు ఉంటాయి, ఊళ్లలో మనుషులు ఉంటారు, దారి అడిగితే కొందరు కావాలనే తప్పు చెప్తారు. దాన్ని సగంలో వదిలేశాను. మూడోది బాగానే ఉంటుంది కానీ ఆడేవాడి మీద పగబట్టి తయారు చేసినట్టు ఉంటుంది. సీడీల కాలంలో వచ్చినదాన్ని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. బొమ్మలు చక్కగా ఉంటాయి, సంగీతం ఇంకా చక్కగా ఉంటుంది, అక్కడక్కడా ఆగి ఆటను దాచుకోవచ్చు. దయ్యాలను చంపేకొద్దీ మన బలం పెరుగుతూ పోతుంది. సగం దాటేసరికి ఆ గడికి మనమే దొరలం అవుతాం. గెలవడం ఖాయమని ముందే తెలిశాక చేతిలో ఆయుధం దేనికో నాకు అర్థం కాదు.

మొదటిది అట్లా కాదు. గాల్లోకి ఎగిరాక మనసు మార్చుకోవడానికి లేదు. దెబ్బ తగిలితే వెనక్కి పడతాం, వెనక గుంత ఉంటే చస్తాం. గబ్బిలం ఎక్కడి నుంచి వస్తుందో మొదటిసారి తెలియదు, రెండోసారి తెలుస్తుంది, ఆ తర్వాత కూడా చస్తే తప్పు మనదే. కష్టం పెడుతుంది కానీ మోసం చెయ్యదు. ఆ మాట అనుకున్నప్పుడల్లా అప్పటి మా రూమ్మేటు గుర్తొస్తాడు, కడుపు మండుతుంది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

తొంభైల చివర మేమిద్దరం బొల్లారంలో మందుల ముడిసరుకు తయారు చేసే ఒక కంపెనీలో చేసేవాళ్లం. వాడిది కొండాపూర్ వైపు పల్లె, నాది సంగారెడ్డి. పఠాన్‌చెరులో ఒక రూము కిరాయికి తీసుకున్నాం, కంపెనీ బస్సు గల్లీ మొదట్లో ఆగేది. పగలు పొలం చూసుకునేవాళ్లు కొందరు రాత్రి డ్యూటీలు ఇష్టంగా తీసుకునేవారు, అందుకని మా ఇద్దరికీ పొద్దుటి షిఫ్టూ మధ్యాహ్నం షిఫ్టూ మాత్రమే వారం వారం మారేవి. ఒకే బ్లాకు, సరుకు మరిగించే అవే రియాక్టర్లు. నేను దిగితే వాడు ఎక్కాలి, వాడు దిగితే నేను ఎక్కాలి. ఫ్యాక్టరీ భాషలో నాకు వాడు రిలీవరు, వాడికి నేను రిలీవరు.

రిలీవరు వచ్చేదాకా మనిషి కదలకూడదు. ఏ రియాక్టర్లో ఏముంది, ఏ వాల్వు తెరిచి ఉంది, ఏది మూసి ఉంది, అన్నీ నోటితో చెప్పి, అవతలివాడు సరే అన్నాకే మెట్లు దిగాలి. దాన్నే చార్జి ఇవ్వడం అంటారు. కాగితం మీద రాసేది రాసేవాళ్లం కానీ, అడుగు ముందుకు వేసేది ఆ నోటిమాట మీదే. రియాక్టరు చుట్టూ చల్లనీళ్లు తిరుగుతున్నాయని చెప్పి, అవి తిరగకపోతే, లోపల సరుకు తనంతట తానే వేడెక్కి పొంగుతుంది. పొంగితే దాని ముందు నిలబడి ఉండేది రిలీవరే.

టీవీకి పెట్టే ఆట డబ్బానూ గడి ఆట క్యాసెట్టునూ వాడే కోఠీ నుంచి తెచ్చాడు. ఆ డబ్బాలో ఆటను దాచుకునే వీలు లేదు. చస్తే ఆ అంతస్తు మొదటికి పోతాం, కరెంటు పోతే మొత్తం మొదటికి వస్తాం. అందుకని ఆటను ఆపి ఉంచి, టీవీ కట్టేసి, డబ్బాను మాత్రం అట్లాగే వదిలేసేవాళ్లం. డబ్బా వేడెక్కకుండా దాని ముందు టేబుల్ ఫ్యాను తిరిగేది. మాకు చెమటలు పోసినా ఫ్యాను దానికే. మా గల్లీ ఫ్యాక్టరీల లైను మీద ఉండటంతో ఊళ్లో చీకటైనా మాకు కరెంటు ఉండేది. ఎప్పుడో ఒకసారి అదీ పోయేది, అప్పుడు ఇద్దరం తల పట్టుకునేవాళ్లం.

అట్లా ఆట కూడా షిఫ్టుల మీద నడిచింది. వాడు పొద్దునంతా రూములో ఆడి, మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి నన్ను రిలీవ్ చేసేవాడు. రియాక్టరు పక్కన నిలబడి రెండు చార్జీలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం.

“మూడోది మరుగుతుంది. ఆవిరి బంద్ చేసిన. జెర ఆగి చల్లనీళ్లు తెరువు,” అనేవాణ్ణి నేను.

“సరే. పళ్లచక్రాలు తిరిగే అంతస్తుల ఉన్న. బలం సగమే ఉంది. పైకెళ్లి గద్దలొస్తయి, పైలం,” అనేవాడు వాడు.

రెండింటినీ ఒకే రకంగా వినేవాళ్లం. నిజానికి నేను రెండోదాన్నే ఇంకాస్త శ్రద్ధగా వినేవాణ్ణి.

మా ఇద్దరి మధ్య ఒక్క ఒప్పందం ఉండేది. దొర గదికి పోయే పొడుగాటి మెట్ల కింద ఆట ఆపాలి. ఎవరూ ఒక్కరే ఎక్కకూడదు. ఆదివారం మా బ్లాకు బందు, ఆ రోజు ఇద్దరం కూర్చుని, చెరోసారి ఆడుతూ దొరను చంపి, గడి కూలడం కలిసి చూడాలి. ఆ కూలడం నేను ఎప్పుడూ చూడలేదు. సంగారెడ్డిలో ఐటీఐ చదివేటప్పుడు వీడియో గేముల దుకాణానికి పోయేవాణ్ణి. ఒకరోజు నేను లోపలికి అడుగు పెట్టేసరికి దుకాణాయన ఆట ముగించేశాడు, గడి అప్పటికే కూలిపోయింది. చూస్తుండగా ఆట తనంతట తానే మళ్లీ మొదటి అంతస్తు నుంచి మొదలైంది. అదే తోట, అదే గేటు. కానీ ఏమీ ఉండని చోట్ల గబ్బిలాలు వచ్చాయి, ఒక్క దెబ్బకే చాలా బలం పోయింది. “ఒక్కపారి గెలిస్తే ఇట్లనే కష్టం చేస్తది. గెలిచినోన్ని ఉత్తగ వదలది,” అన్నాడాయన. ఆ లెక్క నాకు బాగా నచ్చింది. రూమ్మేటుకు ఈ సంగతి చెప్పాలని ఎప్పుడూ తోచలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనే పళ్లచక్రాలు దాటి, మెట్ల కిందికి చేరాను. బలం నిండుగా ఉంది. వేళ్లు ఊరుకోవడం లేదు. అయినా ఆపేసి, టీవీ కట్టేసి, ఫ్యాను తిప్పి లేచాను. రాత్రి వాడు డ్యూటీ నుంచి వచ్చాక చెప్తే నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

శనివారం మధ్యాహ్నం నన్ను రిలీవ్ చేయడానికి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“కరెంట్ పోయింది రా,” అన్నాడు. “జెరసేపే. గంతల్నే అంతా పోయింది. మల్ల మొదటికెళ్లి పెట్టి వచ్చిన, నువ్వు పోంగనే ఆడొచ్చని.”

వాడి మొహం చూసి నాకే జాలేసింది. పోనీలే, నెల రోజులు పడితే పడింది, మళ్లీ పోదామని భుజం తట్టి ఓదార్చాను. ఓదార్చింది నేను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రూముకు పోయి, బువ్వ కూడా తినకుండా టీవీ పెట్టాను. తోట దాటి గేటులోకి వెళ్లాను. ఆ అంతస్తు నేను కళ్లు మూసుకుని దాటగలను. అడుగు వేయగానే గబ్బిలం వచ్చి మొహానికి తగిలింది. అక్కడ గబ్బిలం ఉండదు. ఇంకో అడుగుకు ఇంకోటి వచ్చింది. ఒక్క దెబ్బకే బలం గీత సగం దాకా జారిపోయింది. క్యాసెట్టు పాడైందేమో అనుకున్నాను. ఆ తర్వాత దుకాణాయన మాట గుర్తొచ్చింది. కరెంటు పోయి మొదలైన ఆట ఇట్లా ఉండదు. గెలిచిన ఆటే ఇట్లా ఉంటుంది.

ఆటను ఎప్పటిలాగే ఆపి ఉంచి, టీవీ కట్టేసి, ఫ్యాను డబ్బా వైపు తిప్పాను.

ఆదివారం పొద్దున వాడు మటన్ తెచ్చి, పొయ్యి మీద పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. “రా, మల్ల పోదాం. ఈపారి జల్దీ అయితది,” అన్నాడు. నేను ఆట రిమోటును వాడి చేతిలో పెట్టి, ముందు వాణ్ణే ఆడమన్నాను.

గేటు దాటగానే గబ్బిలం కొట్టింది. తిట్టుకున్నాడు. ఇంకోటి కొట్టింది. కొరడావాడు గుంతలో పడి చచ్చాడు.

“ఏంది రా గిది, ఈడ ఎన్నడు రాలె గదా,” అన్నాడు నా వైపు తిరిగి.

“గెలిచినోనికి వస్తయి,” అన్నాను.

వాడికి అర్థమైంది. రిమోటు కింద పెట్టాడు. పొయ్యి మీద కూర మాడుతున్న వాసన వస్తోంది, ఇద్దరం లేవలేదు.

“ఒక్కపారి మెట్లెక్కి సూద్దామనుకున్న,” అన్నాడు చివరికి. “సస్తే అంతస్తు మొదటికే గదా, మల్ల మెట్ల కాడికి తెచ్చి పెడుదమనుకున్న. చెయ్యి మంచిగ ఆడింది. దొర సచ్చిండు.”

“మరి కరెంటు?”

“చెప్తే నువ్వు పరేషాన్ అయితవని.”

“ఇవ్వాల కాకుంటె వచ్చే నెల ఇద్దరం గెలుస్తుంటిమి గదా. అప్పుడు ఏం చేస్తుంటివి?”

“మొదటిపారి సూసినట్టే ఉంటుంటి,” అన్నాడు.

ఆట ముగించినందుకు నాకు కోపం వచ్చింది నిజమే, కానీ రెండు రోజుల్లో పోయేది. ఈ మాట మాత్రం గుండెలో దిగింది. నా పక్కన కూర్చుని, నాతో పాటు చప్పట్లు కొట్టి, గడి కూలుతుంటే నోరు తెరుచుకుని చూసేవాడు. నేను నమ్మేవాణ్ణి. వాడు అంత బాగా నటించగలడని నాకు శనివారమే తెలిసింది. ఆ మొహం వేలాడేసుకోవడం, ఆ భుజాలు వంచుకోవడం. ఎన్నిసార్లు నా ముందు అట్లా నిలబడ్డాడో, వాటిలో ఏవి నిజమో ఇక నాకు ఎవరు చెప్తారు?

సోమవారం షిఫ్టులు మారాయి. పొద్దుటి డ్యూటీ వాడిది, మధ్యాహ్నం నాది. నేను మెట్లెక్కేసరికి మూడో రియాక్టరు పక్కన హెల్మెట్టు తీసి నిలబడి ఉన్నాడు.

“సరుకు పోసిన. చల్లనీళ్లు తెరిచిన, తిరుగుతున్నయి. ఫికర్ లేదు,” అన్నాడు. ఎప్పటిలాగే చెప్పాడు.

ఎప్పటిలాగే సరే అనాలి. “ఆగు,” అన్నాను. రియాక్టరు వెనక్కి తిరిగి వెళ్లి, నీళ్ల పైపు మీద అరచేయి పెట్టాను. అన్నేళ్లలో ఎవరి చార్జి తీసుకున్నా నేను ఆ పని చేయలేదు. చేస్తే అవతలివాణ్ణి మొహం మీదే అబద్ధాలకోరు అన్నట్టు.

పైపు చల్లగా ఉంది, చెమట పట్టి ఉంది. వాడు చెప్పిందంతా నిజమే.

తిరిగి వచ్చేసరికి వాడు అక్కడే ఉన్నాడు. మెట్ల మీద మిగతావాళ్లు దిగుతున్నారు, బస్సు హారను కొడుతోంది.

“చల్లగున్నదా?” అని అడిగాడు.

“ఉన్నది.”

“మరి నేను పోవచ్చా?”

సరే అన్నాను. ఆ వారంలోనే సూపర్‌వైజరును అడిగి వేరే బ్లాకుకు మారిపోయాడు, నెల తిరగకముందే రూము కూడా ఖాళీ చేశాడు. పోయేటప్పుడు ఆట డబ్బా నాకే వదిలి వెళ్లాడు, నేను దాన్ని మళ్లీ పెట్టలేదు. వాడి స్థానంలో వచ్చిన రిలీవరు నెమ్మదస్తుడు, మాట తక్కువ, చేసిందే చెప్పేవాడు. ఆయన చార్జి చెప్పడం పూర్తి కాకముందే నేను పైపు వైపు నడిచేవాణ్ణి. మొదట్లో ఆయన మొహం చిన్నబోయేది. తర్వాత తర్వాత నేను చేయి పెట్టి వచ్చేదాకా ఏమీ చెప్పకుండా నిలబడటం నేర్చుకున్నాడు.