పెనం దగ్గర ఒకటే నోరు

ముందు చప్పుడే వినిపించేది. చెరకురసం కాగే పెద్ద పెనం అంచు మీద ఇనప గరిటె మూడుసార్లు ఖంగుమనేది. మునగపాక చెరకు చేల మీదుగా అది తేలిపోతుంటే, దారిన పోయేవాళ్ళు ‘కాసులమ్మ పెనం దించింది’ అనుకునేవాళ్ళు. ఆ తర్వాతే ఆవిరిలోంచి ఆమె కనిపించేది. తలకు తువ్వాలు, ఎగదోపిన చీర, అరవై మూడేళ్ళ సన్నటి మనిషి.

బెల్లం వండే ఆ పాకలో ఒక కట్టుబాటు ఉంది. పాకం ముదిరే వేళ ఒకటే నోరు మాట్లాడాలి. ఇద్దరు చెబితే పెనం మోసేవాళ్ళు తడబడతారు. ఆ తడబాటులో పాకం మాడి, బండెడు చెరకు నల్లబడిపోతుంది. భర్త పోయినప్పటి నుంచి, ఇరవై ఆరేళ్ళుగా, ఆ నోరు కాసులమ్మది. నిప్పు దగ్గర పుట్టిన ఆ అధికారం మెల్లగా ఇంట్లోకి కూడా నడిచొచ్చింది. ఏ కూర వండాలో, ఏ పెళ్ళికి ఎవరు వెళ్ళాలో, కోడలు పావని పుట్టింట్లో ఎన్నాళ్ళుండాలో అన్నీ ఆమే చెప్పేది. లారీ తోలే కొడుకు ధనరాజ్ కూడా ‘అమ్మనడుగు’ అని తప్పుకునేవాడు.

ఎనిమిదితో చదువు ఆగిపోయిన పావని, ముప్పై నాలుగో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. అందుకు అత్త ఊఁ అనడానికే రెండేళ్ళు పట్టింది. ఒక ఉదయం పావని నోటుపుస్తకం గట్టు మీద తెరిచి ఉంది. కాసులమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ‘నిరంకుశం. సొంత వాక్యం: మా అత్తగారిది నిరంకుశ పాలన.’ పక్కన మేస్టారి ఎర్ర టిక్కు.

“ఓలె పావనీ, నిరంకుశమంటే ఏటి?”

ఊడుస్తున్న పావని చీపురు గోడకానించింది. ఇక దాచి లాభం లేదు.

“అంకుశం లేని ఏనుగులాగత్తా. ఆపీవోళ్ళు ఉండరు. అదెటెళ్తే అదే దారి.”

“నాను ఏనుగునా?” కాసులమ్మ తన ఎముకల చేతులు చూసుకుంది. “మేస్టారు రైటు కొట్టేడు గదా, అయితే నిజమే అయ్యుంటాది.”

అది కోపమో కాదో పావనికి తెలియలేదు. కాసులమ్మ మాత్రం ఆ రోజంతా ఆ ఏనుగును మోసుకు తిరిగింది. ఆపేవాళ్ళు లేని ఏనుగు ఊబి వైపు నడిస్తే?

ఎందుకంటే ఆమె ఒకటి దాస్తోంది. నీళ్ళలో వేసిన పాకపు చుక్కను వేళ్ళతో ఉండచేసి చూడాలి. మెత్తగా సాగితే ఆగాలి, ఉండ బిగిస్తే దించాలి. ఏడాదిగా షుగరు ఆమె వేలికొసల్ని తినేసింది. దూది చుట్టినట్టుంటుంది, ఏదీ తెలియదు. రంగు చూసి నెట్టుకొస్తోంది. దించమనే నోరు పోతే ఇక తనెవరన్నదే ఆమె భయం.

మర్నాడు మధ్యాహ్నం గాలి తిరిగి పొగంతా పెనం మీద పడింది. రంగు కనబడలేదు. కాసులమ్మ చుక్క తీసి నలిపింది. ఏమీ తెలియలేదు. మళ్ళీ తీసింది. బుడబుడమనే ఉడుకు బరువెక్కి, గుబుక్కు గుబుక్కుమనడం మొదలెట్టింది. నలుగురు మోసేవాళ్ళూ కర్రలు పట్టుకుని ఆమె నోటికేసి చూస్తున్నారు. పద్దెనిమిదేళ్ళుగా మోస్తున్న సత్తియ్యకు పాకం ముదిరిపోతోందని తెలుసు. అయినా పెదవి కదపలేదు.

“దించండి!”

పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ ఉడుకు చప్పుడు మారడం విన్న పావని అరిచింది. అరిచి, తన నోరు తనే మూసుకుంది.

సత్తియ్య బిగుసుకుపోయి, తను అక్కగా పిలిచే కాసులమ్మకేసి తిరిగాడు. “అప్పా?”

పొగలోంచి కాసులమ్మ గొంతు వచ్చింది.

“ఇనబళ్ళేదేట్రా సత్తిగా? సెవుల్లో బెల్లం పోసేరా? పావని దించమంతంది గదా!”

పెనం లేచింది. పాకం తొట్టిలోకి దూకింది, అంచున కాస్త ముదిరినా తేనె రంగులోనే. కాసులమ్మ గరిటె కోడలి చేతిలో పెట్టి “కొట్టు” అంది. మొదటి దెబ్బ తడబడింది. మిగతా రెండూ చేల దాకా వెళ్ళాయి.

కాసులమ్మ పిప్పి కుప్ప మీద కూలబడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఏడాదైనాది. ఈ సేతి ఏళ్ళకి ఏటీ తెలవడం లేదు.”

“మాకు తెల్సప్పా,” అన్నాడు సత్తియ్య.

“తెలిస్తే సెప్పాల గదరా!”

“నోరిప్పితే గరిటెట్టి కొట్టవేటి?”

అందరికంటే ముందు ఆమే నవ్వింది. ఏడాదిగా గుండె మీద మరుగుతున్న పెనాన్ని ఎవరో దించినట్టు, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఇప్పుడు ఆమె పీట పెనానికి పదడుగుల దూరంలో ఉంటుంది. పావని చేతిలో గరిటె మోగినప్పుడు ఆ చప్పుడు తనది కాదని ఒంటికి చల్లగా తెలుస్తుంది. మందుల కోసం బస్సెక్కి అనకాపల్లి వెళ్ళొస్తుంది. ఏం కూర వండారో ఇంటికొచ్చి మూత తీశాకే చూస్తుంది. వంకాయ ఉంటే మూతి ముడుస్తుంది గానీ, తింటుంది.

ఆమె కథ కోసం అనకాపల్లి నుంచి వచ్చిన నేను ఇదంతా రాసుకుని సెలవు తీసుకుంటుంటే, కాసులమ్మ నా కాగితాలకేసి వేలు చూపించి అంది:

“ఆ మేస్టారు మీ అనకాపల్లిలోనే ఉంటాడంట బాబూ. ఓ పాలి కనబడితే సెప్పండి. ఆ వాక్యం అప్పుడు రైటే గానీ, ఇప్పుడు తప్పైపోనాదని.”