గేర్‌బాక్స్‌కి జ్వరం

డిగ్రీల మావయ్యకి ఒకటే పిచ్చి. తన ట్రక్కు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో నూనె ఎంత వేడెక్కిందో ఆయనకి క్షణక్షణం తెలియాలి. కంపెనీవాళ్లు పెట్టిన మీటరు చాలక, సాసరంత మీటరు ఇంకోటి సొంతంగా బిగించుకున్నాడు. రోడ్డు మీద కన్నా ఆ ముల్లు మీదే ఆయన చూపు ఎక్కువ కాబట్టి, పక్కన కూర్చున్నవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటారు.

ఆ లెక్కలు చుట్టాలందరికీ కంఠతా వచ్చు. ఖాళీ బండి మామూలు రోడ్డు మీద పోతుంటే ఎనభై నుంచి తొంభై అయిదు డిగ్రీలు. వెనక ట్రైలరు కట్టి బరువు లాగితే నూట అయిదు దాకా ఫరవాలేదు. నూట పదిహేను దాటితే పక్కకి ఆపి, గేరుని పార్కులో పెట్టి, ఇంజను ఆపకుండా కాసేపు ఊపిరి పీల్చుకోనివ్వాలి. మరి నూట ముప్పై అయితే? "దండం పెట్టి దిగిపోవడమే. నూనె మాడిపోయినట్టే" అంటాడు, దగ్గరివాళ్లెవరో పోయినంత నీరసంగా.

మనుషుల్నీ అదే కొలతతో కొలుస్తాడు. పక్కింటి పిల్ల లెక్కల్లో తొంభై రెండు వచ్చాయని ఎగురుకుంటూ వస్తే, "తొంభై రెండా? మామూలే, ఏం భయపడకు" అని ధైర్యం చెప్పాడు. అత్తయ్య ఓసారి గరిట నేలకేసి కొట్టి అరుస్తుంటే, "నువ్వు నూట పదిహేను దాటావు. కాసేపు పక్కకి ఆగు" అన్నాడు. అత్తయ్య మూడు రోజులు పార్కులోనే ఉండిపోయింది. వంట మావయ్యే చేసుకున్నాడు.

అలాంటి మావయ్య ట్రక్కుకి ట్రైలరు కట్టి, అందులో మంచం, బీరువా, స్కూటరు వేసుకుని ఉద్యోగంలో చేరడానికి బయల్దేరింది మేనకోడలు. రెండేళ్లు ఎదురుచూస్తే వచ్చిన నర్సు ఉద్యోగం. ఆ సాయంత్రం అయిదింటిలోగా ఆసుపత్రి ఆఫీసులో సంతకం పెట్టకపోతే, జాబితాలో తర్వాతివాళ్లకి పోతుంది. దారి ఎనిమిది గంటలు. ఎనిమిదింటికి బయల్దేరితే చాలని ఆ పిల్ల అంటే, మావయ్య ఆరున్నరకే వచ్చి హారను కొట్టాడు.

"ఇంత పొద్దున్నే ఎందుకు మావయ్యా?"

"చల్లపూట గేర్‌బాక్స్‌కి మంచిదే."

వెనక సీట్లో అమ్మ, అంటే మావయ్యకి అక్క, సర్దుకుని కూర్చుంది.

"అమ్మా, బీపీ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానే."

"ఎండగా ఉంటుంది, నీళ్లు బాగా తాగుతూ ఉండు." నర్సు కదా, అమ్మ ఒళ్లో రెండు సీసాలు పెట్టింది.

గంట తిరక్కుండానే ఓ పెట్రోలు బంకు పక్కన బండి ఆగింది.

"ఏమైంది?"

"గేర్‌బాక్స్‌కి జ్వరం."

"ఎంతుంది?"

"ఎక్కువే ఉంది." మీటరు మీద చేతిరుమాలు కప్పి ఉంది. ఎండ తగిలితే ముల్లు పాడవుతుందట.

అమ్మ తలుపు తీసుకుంటూ, "ఎలాగూ ఆగారు కదా, ఓసారి కాళ్లు సాగదీసుకుని వస్తా" అంది.

ఇంకో గంటకి టీ కొట్టు దగ్గర జ్వరం. ఆ తర్వాత మళ్లీ బంకు దగ్గర జ్వరం. ప్రతిసారీ అమ్మ ఎలాగూ ఆగారు కదా అంటూ దిగడమే. మేనకోడలు గడియారం చూసుకుంటూ గోళ్లన్నీ కొరికేసింది.

"మావయ్యా, నర్సుని నేను. నీ బండికి ఓ జ్వరం మాత్ర ఇవ్వనా?"

"మింగదే అది."

నాలుగోసారి ఆగినప్పుడు చేతిరుమాలు జారి కింద పడింది. ముల్లు ఎనభై ఎనిమిది మీద హాయిగా నిద్రపోతోంది. మేనకోడలికి ఒళ్లు మండిపోయింది.

"ఎనభై ఎనిమిదా! ఖాళీ బండికి కూడా ఇది మామూలేనని నువ్వే కదా చెప్పావు! నా ఉద్యోగం పోతుంటే నీకు వేళాకోళంగా ఉందా?"

మావయ్య పక్క అద్దం చూపించాడు. అద్దంలో అమ్మ కాళ్లు సాగదీయడం లేదు. చేతిసంచి చంకలో పెట్టుకుని, బంకు వెనకున్న బాత్‌రూమ్ వైపు దాదాపు పరుగెడుతోంది.

"ఆ మాత్ర పడితే అక్క గంట కూడా ఆగలేదే. ఆపమని మాత్రం నోరు విప్పి అడగదు, సిగ్గు. పోయిన నెల బస్సులో నాలుగు గంటలు బిగబట్టుకుని వచ్చి రెండ్రోజులు మంచం దిగలేదు. నీకు చెప్పొద్దంది. గేర్‌బాక్స్‌కైతే సిగ్గేముంది?"

మేనకోడలు వెనక సీట్లో ఉన్న నీళ్ల సీసాల వంక చూసింది. మాత్ర వేసుకున్నావా అని అడిగింది తనే. నీళ్లు తాగమని సీసాలిచ్చిందీ తనే. ఆ మాత్ర ఒంట్లో నీటినంతా బయటికి పంపేస్తుందని పరీక్షలో నాలుగు మార్కులకి రాసింది కూడా. సొంత అమ్మ విషయంలో మాత్రం ఆ నాలుగు మార్కులూ పోయినందుకు సిగ్గేసింది.

నాలుగున్నర కావస్తోంది. ఇంకా పన్నెండు కిలోమీటర్లు, అంతా ఎక్కుడు దారి. ట్రైలరు లాగలేక లాగుతూ ముల్లు నూట రెండుకి వచ్చింది. వెనక అమ్మ అటూ ఇటూ కదులుతోంది. మావయ్య అద్దం చూశాడు, గడియారం చూశాడు.

"ఈసారికి పోనిచ్చేస్తానే. నీ సంతకం..." అని గొణిగాడు.

"మావయ్యా! నూట పదహారు! ఆపు, ఆపు!" అని కేక పెట్టింది మేనకోడలు.

మావయ్య నూట రెండు మీదున్న ముల్లు వంక ఓసారి, మేనకోడలి వంక ఓసారి చూశాడు. "నూట పదహారే! కొంప మునిగింది!" అంటూ ఎదురుగా ఉన్న హోటలు ముందు బ్రేకు తొక్కాడు.

"పాడు గేర్‌బాక్స్! పిల్ల ఉద్యోగం ఊడగొట్టేట్టుంది" అని అమ్మ విసుక్కుంది. "సరే, ఎలాగూ ఆగారు కదా..."

గుమాస్తా బీరువాకి తాళం వేస్తుండగా ముగ్గురూ ఆఫీసులోకి పరుగెత్తారు. గోడ గడియారం నాలుగూ యాభై ఏడు చూపిస్తోంది.

"ఇంత ఆలస్యమైతే ఎలాగమ్మా?" అంటూ ఆయన రిజిస్టరు మళ్లీ బయటికి తీశాడు.

"మా తమ్ముడి బండి గేర్‌బాక్స్ మంచిది కాదండీ" అంది అమ్మ, ఆయాసపడుతూ. "అస్తమానం జ్వరమే. మార్చెయ్యరా అంటే వినడు."

"దాన్ని మార్చొద్దమ్మా" అంది మేనకోడలు సంతకం కింద తేదీ వేస్తూ. "మన చుట్టాలందరిలో అంత మంచిది ఇంకోటి లేదు."

మావయ్య అప్పటికే బయటికి జారుకున్నాడు. రేపు అక్కని వెనక్కి తీసుకెళ్లాలి కదా, చేతిరుమాలు దులిపి జాగ్రత్తగా మీటరు మీద కప్పుతున్నాడు.